బోర్డు మీద రాసిన వేళలు

ఉద్యోగ జ్ఞాపకాలు రిటైరైనవాళ్ళు రాయాలి. నాకింకా ముప్ఫై నిండలేదు. కానీ నా మొదటి ఉద్యోగం నాకంటే చాలా ముందే రిటైరైపోయింది. అందుకని దాని తరఫున నేను రాస్తున్నాను.

ఇప్పుడు నేనొక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. మొన్న బడ్జెట్ రోజున రీడింగ్ రూములో టీవీ పెట్టారు. సోషల్ వర్క్ చదివే అమ్మాయి ఒకర్తె కాసేపు చూసి, "సబ్బుల ధరలు చెప్పేశారు కదా మేడమ్, ఇంక ఇందులో మనకేముంది?" అంటూ ఛానెల్ మార్చబోయింది. నేను ఎవరితోనూ వాదించే మనిషిని కాను. పుస్తకం ఆలస్యంగా తెచ్చినవాళ్ళని ఫైన్ అడగడానికే మొహమాటపడతాను. అలాంటిది ఆ అమ్మాయి చేతిలోంచి రిమోట్ లాగేసుకున్నాను. అందరూ నా వంక చూశారు. ఎందుకు లాక్కున్నానో నోటితో చెప్పలేకపోయాను. ఆ అమ్మాయి రేపు డిగ్రీ పట్టుకుని ఏదో ఒక సేవాసంస్థలో చేరుతుంది. ఆమె కోసమూ, ఆమెలాంటివాళ్ళ కోసమూ కాగితం మీద చెబుతున్నాను.

నేను డిగ్రీ పూర్తిచేసిన ఏడాది ఎలమంచిలి నుంచి విశాఖపట్నం వచ్చి, సీతమ్మధారలో మా పిన్నివాళ్ళ ఇంట్లో ఉండేదాన్ని. రెండు వీధుల అవతల ఒక సేవాసంస్థలో గుమస్తా ఉద్యోగం దొరికింది. సంస్థ అనగానే భవనం ఊహించుకోకండి. ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారి ఇంటి ముందుగది, ఒక టైపు మిషను, ఒక బీరువా. అంతే. ఆవిడే స్థాపించారు, ఆవిడే నడిపేవారు. గోదావరి జిల్లా మనిషి. భర్తకి పోర్టులో ఉద్యోగమని చిన్న వయసులో ఇక్కడికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇంట్లో ఉన్నా ఇస్త్రీ చీరే కట్టేవారు. నా ఉత్తరంలో కామా తప్పు పడితే పెన్సిలుతో సున్నా చుట్టి వెనక్కి ఇచ్చేవారు. అందరూ ఆవిడని పెద్దమ్మగారు అనేవారు. నేనూ అలాగే అంటాను.

ఆ ఉద్యోగం నాకు తెగ నచ్చింది. మనుషులతో మాట్లాడే పని తక్కువ, రాసే పని ఎక్కువ. మధ్యాహ్నం పెద్దమ్మగారు కునుకు తీస్తే ఫైలు మధ్యలో నవల పెట్టుకుని చదువుకోవచ్చు. సేవ చేయడమంటే ఇంత హాయిగా ఉంటుందా అని అప్పట్లో డైరీలో రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ సిగ్గుతో గబగబా తిప్పేస్తాను.

సంస్థ చేసే పని ఒక్కటే. జాలరిపేటలో పసిపిల్లల కేంద్రం. దాని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు.

చేపలమ్మే ఆడవాళ్ళ రోజు మన రోజులా మొదలవదు. బోట్లు తెల్లవారకముందే రేవుకు చేరతాయి. చేపలు కుప్పలు పోసి పాట పెడతారు. పాట అంటే వేలం. ఒక కుప్ప మొత్తం ఒక్క మనిషి కొనలేదు. అందుకని నలుగురేసి ఆడవాళ్ళు ఒక జట్టుగా ఉంటారు. ఒకామె పాట పాడుతుంది, కుప్ప తమదయ్యాక నలుగురూ వాటాలు వేసుకుని, గంపలకెత్తుకుని ఊళ్ళోకి అమ్మకానికి పోతారు. జట్టులో ఒకామె రాలేదనుకోండి, మిగతా ముగ్గురి మీద బరువు పడుతుంది. ఒకటి రెండు రోజులు ఓర్చుకుంటారు. ఆ పైన ఇంకో మనిషిని చూసుకుంటారు. అందులో కక్షలేమీ ఉండవు. జట్టు అలా నడవాలి, అంతే. కానీ ఒకసారి జట్టు పోయిన మనిషిని ఇంకో జట్టు అంత సులువుగా రానివ్వదు.

మరి ఆ చీకట్లో చంటిపిల్లల్ని ఏం చేస్తారు? రేవంతా మంచు నీళ్ళూ, జారుడూ, తోపుడు బళ్ళూ. పసివాళ్ళని కింద దింపే చోటు కాదది. అందుకే మా కేంద్రం. ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, చాపలు పరిచి, అక్కడి మనిషినే ఆయాగా పెట్టారు పెద్దమ్మగారు. తల్లులు తెల్లవారకముందే నిద్రపోతున్న పిల్లల్ని తెచ్చి చాప మీద పడుకోబెట్టి రేవుకు పోయేవారు. అమ్మకం ముగించుకుని ఎండెక్కాక వచ్చి తీసుకుపోయేవారు. ఆ తర్వాత ఆయా షెడ్డు కడిగి తాళం వేసేది.

ఇక బోర్డు. కేంద్రానికి ప్రభుత్వం నుంచి గ్రాంటు వచ్చేది. ఆ పథకం నిబంధనల్లో, కేంద్రం ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా నడవాలని ఉంది. ఆ నిబంధన రాసినాయన ఏ ఆఫీసు ఆడవాళ్ళనో దృష్టిలో పెట్టుకుని ఉంటాడు. పెద్దమ్మగారు నిబంధన ప్రకారమే నీలం బోర్డు మీద తెల్ల అక్షరాలతో అందంగా రాయించి తలుపు మీద కొట్టించారు: వేళలు, ఉదయం 9 నుండి సాయంత్రం 5 వరకు. నిజంగా తెరిచే వేళ వేరు. పేటలో అందరికీ అది తెలుసు. బోర్డు ఆఫీసర్లకి, కేంద్రం పిల్లలకి. ఇందులో మోసం ఉందని ఎవరికీ అనిపించలేదు. ఆడపిల్ల పెళ్ళిచూపులకి పక్కింటి కుర్చీలు తెచ్చి వేసినట్టు, గ్రాంటు కోసం ఒక బోర్డు. అంతే అనుకున్నాం.

ఆ చలికాలంలో కేంద్రానికి కొత్తగా ఒక చిన్న తల్లి వచ్చింది. వయసులో నాకంటే చిన్నదేమో. మొగుడి పాదం బోటు తాడులో పడి నలిగిపోయింది, అతను వేటకు పోలేడు, మంచం దిగి చంటిపిల్లని ఎత్తుకోనూ లేడు. దాంతో ఈ పిల్ల గంప ఎత్తింది. ఒళ్ళో నాలుగు నెలల ఆడబిడ్డ. వరసకి అక్కయ్యే ఎవరో అప్ప జాలిపడి తన జట్టులో నాలుగో మనిషిగా చేర్చుకుంది. ఆ ఇంట్లో ముగ్గురి తిండీ ఆ నాలుగో వాటా మీదే. గ్రాంటు దరఖాస్తుతో ఒక లబ్ధిదారు వివరాలు జతచెయ్యమంటే, పెద్దమ్మగారు నన్ను పేటకు పంపారు. నేను పెన్ను పట్టుకుని ఆ పిల్ల ముందు నిలబడి, ఎలా మొదలుపెట్టాలో తెలీక, పెన్ను మూత తీస్తూ పెడుతున్నాను.

"ఏటమ్మా, అడగడానికొచ్చి నువ్వే సిగ్గుపడతన్నావు?" అని పకపకా నవ్వింది. "కాయితాలమ్మా, రాసీయ్. నానొట్టి మొద్దుదాన్ననీ, నా కూతురు సక్కని సుక్కనీ రాసీయ్."

అప్పటినుంచి పేటలో నా పేరు కాయితాలమ్మ అయిపోయింది.

మార్చి నెలాఖరులో ఇన్‌స్పెక్షన్ అని కబురు వచ్చింది. జిల్లా ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు పదకొండు గంటలకు కేంద్రం చూడటానికి వస్తారట. అంతకుముందు ఏడాది కూడా ఒకాయన అలాగే పట్టపగలు వచ్చి, తాళం చూసి వెళ్ళిపోయి, ఏం రాశారో మాకు తెలీదు. ఈసారి అలా జరగకూడదని పెద్దమ్మగారు స్వయంగా పేటకు వెళ్ళి తల్లులందర్నీ కూర్చోబెట్టి చెప్పారు: ఆ ఒక్కరోజు పిల్లల్ని పగలు కూడా తీసుకురావాలని.

వాళ్ళకి అదొక పండగైపోయింది. ఎండలో అమ్మకం నుంచి వచ్చి, ఒక కునుకు కూడా తీయకుండా పిల్లలకి తలంటి, నుదుటన బొట్టు, బుగ్గన చుక్క, పౌడరు, కొత్త గౌను. ఒక పిల్లాడికి చలవ కళ్ళద్దాలు కూడా పెట్టారు. పిల్లలంతా నడుస్తూ, పాకుతూ, చంకల్లో ఊగుతూ షెడ్డులోకి వచ్చారు. పెద్దమ్మగారు గోడకి అఆల పటం తగిలించారు. నేను ఫైళ్ళు గుండెకు హత్తుకుని ఒక మూల నిలబడ్డాను. ఆయా చాపలు పరిచింది.

అదే పొరపాటు.

ఆ షెడ్డులోకి రావడమూ, ఆ చాప తగలడమూ, ఆయా ఒంటి వాసనా, ఇవన్నీ ఆ పిల్లలకి ఒకే ఒక్క సంగతి చెబుతాయి: పడుకోమని. ముందు కళ్ళద్దాల పిల్లాడు ఒరిగాడు. వాడి మీద ఇంకోడు. చూస్తూండగానే గదంతా గాలివానకు ఒరిగిన చేనులా పడిపోయింది. అఆల పటం కింద ఒక్క పిల్ల కూడా కళ్ళు తెరిచి లేదు. పెద్దమ్మగారు చప్పట్లు కొట్టారు, "చిట్టి చిలకమ్మా పాట పాడండర్రా!" అన్నారు. గురక తప్ప జవాబు లేదు. సరిగ్గా అప్పుడే జీపు ఆగింది.

ఆఫీసరు నడివయసు మనిషి. చేతిలో సంచీ, చెమటతో తడిసిన చొక్కా. గుమ్మంలో నిలబడి గదంతా చూశాడు. మొహం ఒక్కసారిగా పాలిపోయింది.

"ఏం పోశారు వీళ్ళకి?" అన్నాడు.

"ఏమిటండీ?" అన్నారు పెద్దమ్మగారు.

"పట్టపగలు ఇంతమంది పిల్లలు ఒక్కసారి ఎలా నిద్రపోతారు మేడమ్? దగ్గు మందా? ఏం మందు పోశారో చెప్పండి!"

ఆయా లేచి నిలబడింది. బలమైన మనిషి. ఇద్దరు పిల్లల్ని రెండు చేతులతో జోకొడుతూ మూడో పిల్లని కాలితో ఊపగలదు.

"మందా! ఓలమ్మో! మందు పోసినానంతన్నావా బాబూ? నా సేతుల మీద ఇద్దరు కలెక్టరాఫీసులో ప్యూన్లయినారు, ఒక్కడికి మందు పోసినానేటి?" అని అరిచి, అంతటితో ఆగక, రుజువు చూపించడానికి దగ్గర్లో ఉన్న పిల్లాడి తొడ మీద చిన్నగా గిల్లింది. వాడు కెవ్వుమన్నాడు. వాడి కేకకి పక్కది, దాని కేకకి ఇంకోడు, క్షణంలో షెడ్డు రేకులు ఎగిరిపోతాయేమో అన్నంత ఏడుపు. "ఇదిగో! సూడు బాబూ! మందు పోసినోళ్ళు ఇలాగేడుత్తారేటి?"

బయట ఉన్న తల్లులు లోపలికి వచ్చిపడ్డారు. ఆ గోలలో, ఆయా దాచవలసినదంతా చెప్పేసింది.

"ఈ గుంటలు తెల్లారకుండా ఈడ తొంగుంటారు బాబూ. బోట్లొచ్చీ ఏలకి తెత్తారు. ఈ చాప తగిల్తే ఆళ్ళకి నిద్దరొచ్చేత్తాది, అదే అలవాటు. ఇప్పుడు పగలు తెమ్మంటే తెచ్చినాం. మేలుకోమంటే ఎలాగ మేలుకుంటారు?"

పెద్దమ్మగారు కళ్ళు మూసుకున్నారు. బోర్డు సంగతి బయటపడిపోయింది. ఆఫీసరు ఎందుకో నవ్వాడు. కోపం నవ్వు కాదది. అలిసిపోయిన నవ్వు. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. తాగి, పెద్దమ్మగారితో నెమ్మదిగా అన్నాడు.

"మేడమ్, మీరు కంగారు పడకండి. నేను దీనిమీద ఏం రాసినా ఒకటే. స్కీమే లేదు."

"లేదంటే?"

ఆయన సంచీలోంచి ఒక జిరాక్సు కాగితం తీశాడు. కొత్త బడ్జెట్ పుస్తకంలో ఒక పేజీ. మా పథకం పేరు అందులో ఉంది. కిందటేడు గడిలో అంకె ఉంది. ఈ ఏడాది గడిలో రెండు చుక్కలున్నాయి. అంకె లేకపోతే అలా రెండు చుక్కలు పెడతారట.

నేను చిన్నప్పటినుంచి అచ్చులో ఉన్నదేదైనా శ్రద్ధగా చదివే మనిషిని. పొట్లం కట్టిన కాగితం కూడా విప్పి చదువుతాను. నా జీవితంలో చదివినవాటిలో అంత పొట్టి వాక్యం ఇంకోటి లేదు. వెనక ఇంకా ఏడుపులు ఆగలేదు. కాగితం మీద ఆ రెండు చుక్కలు. ఈ రెండూ ఒకే విషయమని నా బుర్రకు ఎక్కడానికి చాలాసేపు పట్టింది.

"మరి మీరెందుకొచ్చారు?" అని అడిగారు పెద్దమ్మగారు. గొంతులో స్కూలు నడిపిన నాటి గట్టిదనం ఉంది.

"నా టూర్ ప్రోగ్రాం జనవరిలో అప్రూవైంది మేడమ్. రాకపోతే సంజాయిషీ అడుగుతారు."

లేని పథకాన్ని తనిఖీ చెయ్యడానికి ఆయన జీపేసుకుని వచ్చాడు. ఆయన తప్పేమీ లేదు. అందుకే అది మరీ దారుణంగా అనిపించింది.

"ఎందుకు తీసేశారో కారణమైనా ఉంటుంది కదండీ," అన్నారు పెద్దమ్మగారు.

"మీ వార్డులో అంగన్‌వాడీ ఉంది కదా. ఒకేచోట ఒకే వేళకి రెండు సెంటర్లు ఎందుకని పైన అడిగారు. రెండూ తొమ్మిదికే తెరుస్తారు, రెండూ పిల్లలకే. డూప్లికేషన్ అన్నారు. ఇలాంటివి రాష్ట్రమంతటా చాలా ఉన్నాయి, అన్నీ కలిపి ఒక్క గీతతో పోయాయి." ఆయన తలెత్తి తలుపు మీద బోర్డు చూశాడు. "అసలు మీరు తెల్లవారకముందు తెరుస్తారన్న ముక్క ఎక్కడైనా రాసి ఉంటే..."

"రాస్తే మొదట్లో గ్రాంటు ఇచ్చేవారా?"

ఆయన ఆలోచించాడు. నిజాయితీపరుడు.

"ఇచ్చేవారు కాదు," అన్నాడు.

జీపు వెళ్ళిపోయింది. తల్లులు తమ బాగోతం బాగానే అయిందనుకున్నారు. చిన్న తల్లి తన బిడ్డ కళ్ళు తుడుస్తూ నా దగ్గరికొచ్చి, "ఏటంతాడు కాయితాలమ్మా, పాసయినామా?" అంది. నేను తలూపానో అడ్డంగా తిప్పానో నాకే తెలీదు. పెద్దమ్మగారు వెనక నుంచి, "మేం చూసుకుంటాంలే అమ్మా, మీరు ఇళ్ళకి వెళ్ళండి," అన్నారు.

పెద్దమ్మగారి నమ్మకం ఏమిటంటే, ప్రభుత్వంలో ఎవరో ఒకరు ఉత్తరం చదువుతారని. మంచి భాషలో, సరైన కామాలతో రాస్తే చదివి తీరతారని. మళ్ళీ మళ్ళీ హైదరాబాదుకు ఉత్తరాలు రాయించారు. బడ్జెట్‌లో మధ్యలో సవరణలుంటాయనీ, అప్పుడు మన చుక్కల చోట అంకె పెడతారనీ అన్నారు. ఈలోగా వేసవి వేట నిషేధం వచ్చింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని బోట్లు రేవులో కట్టేస్తారు. పాట ఉండదు, తల్లులు ఇళ్ళ దగ్గరే ఉంటారు, కేంద్రం ఎలాగూ మూసే ఉంటుంది. కాబట్టి పేటలో ఎవరికీ ఏమీ తెలియలేదు. చెబుదామా అని నేను ఒకసారి అడిగాను. "అంకె వస్తే ఏం చెప్పి ఏం లాభం? ఊరికే ఆశ పోగొట్టడం," అన్నారావిడ. ఆవిడ ఆశే అది.

జవాబు రాలేదు. షెడ్డు యజమాని ఎదురుచూసి చూసి, ఇంక ఆగలేనని చెప్పి, ఎవరికో బోటు ఇంజన్లు దాచుకోవడానికి ఇచ్చేశాడు. నిషేధం ముగిసి బోట్లు వేటకు పోయిన రోజు సాయంత్రం పెద్దమ్మగారు తెల్ల కాగితం మీద తన ముత్యాల్లాంటి అక్షరాలతో నోటీసు రాశారు. నా చేతికిస్తూ నా వైపు చూడలేదు. "పొద్దున్నే, వాళ్ళొచ్చే వేళకి వెళ్ళి తలుపుకి అంటించి రా అమ్మాయ్," అన్నారు.

పొద్దుటి షిఫ్టుకు పోయే బాబాయి స్కూటరు మీద నన్ను దింపి వెళ్ళాడు. ఇంకా వెలుగు రాలేదు. సముద్రం కనబడటం లేదు, చప్పుడు మాత్రం వినిపిస్తోంది. తలుపుకి కొత్త తాళం వేలాడుతోంది. బోర్డు మాత్రం అక్కడే ఉంది. దాని కింద నోటీసు అంటించాను. అంటించేసి వెళ్ళిపోవచ్చు. కానీ బాబాయి వెళ్ళిపోయాడు, ఆటో ఒక్కటీ లేదు. అందుకని నిలబడ్డాను. ఎంత ధైర్యంగా నిలబడ్డానో అని మీరు అనుకోకూడదని చెబుతున్నాను.

ముందు ఆయా వచ్చింది. భుజాన చాపల కట్ట. నిషేధం రోజుల్లో ఇంటికి తీసుకుపోయి సముద్రపు నీళ్ళతో, తర్వాత మంచినీళ్ళతో ఉతికి ఆరబెట్టిందట. తాళం చూసి, "ఇదేటి? మన తాళం కాదేటిది?" అంది.

"కేంద్రం ఇంక లేదు ఆయమ్మా. ఆ రోజు ఆఫీసరు చెప్పారు కదా."

"ఆ బాబు చెప్పినాడు. నాను బెదిరించడానికంతన్నాడనుకున్నాను. పెద్దమ్మగోరు సూసుకుంటానన్నాది కదా?"

అంతలో తల్లులు రావడం మొదలైంది. మొదటి రోజు పాట. అందరిలో హుషారు. చిన్న తల్లి బిడ్డను భుజానేసుకుని, గంప చంకలో పెట్టుకుని దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. నన్ను చూసి ఆగింది.

"కాయితాలమ్మా! ఇంత పొద్దున్నే నువ్వేటి ఇక్కడ? మళ్ళీ ఆఫీసరొత్తన్నాడేటి?"

నేను నోటీసు వైపు వేలు చూపించాను. ఆ పిల్ల దాని వంక ఒకసారి చూసి నవ్వింది.

"అద్గదీ. ఇంకోటి అతికించినావా? బాగుంది. ఈసారి మా గుంటల్ని నిద్దరోకుండా సూసుకుంతాంలే."

తలుపు మీద ఉండే రాతలు తమకోసం కాదని వాళ్ళకి నేర్పింది మేమే. ఇన్నేళ్ళూ ఆ తలుపు మీద ఒకటి రాసి ఉండేది, లోపల ఇంకోటి జరిగేది. వాళ్ళు ఆ పాఠం చక్కగా నేర్చుకున్నారు. ఇప్పుడు నిజం రాస్తే, అది కూడా బోర్డే.

రోడ్డు మీద షేరు ఆటోలోంచి ఆమె జట్టు ఆడవాళ్ళు కేకలేస్తున్నారు. "ఒలే, వత్తావా నేదా? మొదటి పాట పోతే మనకి బుడ్డ సేపలే మిగుల్తాయి! నీకోసం బోట్లాగుతాయేటే?"

"వత్తన్నానప్పా, వత్తన్నాను!" అని, ఆ పిల్ల నా వైపు తిరిగి, "తాళం తీసీదాకా నువ్వెత్తుకో," అంటూ బిడ్డను నా చేతుల్లో పెట్టేసింది. నేను పెద్దయ్యాక చంటిపిల్లని ఎత్తుకుని ఎరగను. ఎలా పట్టుకోవాలో తెలీక కొయ్యలా బిగుసుకుపోయాను. వెచ్చగా, బరువుగా ఉంది. నిద్రలోనే నా చీర అంచు గుప్పిట్లో పట్టుకుంది. తల్లి అప్పటికే ఆటోలో ఉంది. ఇంకో తల్లి వచ్చి తన పిల్లాణ్ణి అరుగు మీద దింపింది. ఇంకొకామె. మరొకామె. "ఆగండమ్మా" అని నేనన్నాననుకున్నాను. నా గొంతు నాకే వినిపించలేదు.

ఆయా షెడ్డు ముందు అరుగు మీద చాపలు పరిచింది. చాప తగలగానే పిల్లలు పడుకున్నారు.

తెల్లారింది. పిల్లల మొహాల మీద ఎండ పడకుండా మేమిద్దరం మా కొంగులు అడ్డం పట్టుకుని, ఎండతో పాటు జరుగుతూ కూర్చున్నాం. కొందరు లేచి సముద్రం వైపు పరుగుతీస్తే ఆయా ఒకణ్ణి పట్టుకునేలోగా ఇంకొకడు పోయేవాడు. షెడ్డుకి తలుపు ఎందుకుండాలో ఆ పూట తెలిసింది నాకు.

ఎండెక్కాక తల్లులు ఒక్కొక్కరే ఖాళీ గంపలతో వచ్చారు. అందరూ వచ్చేదాకా ఆగాను. అప్పుడు లేచి నిలబడి, జీవితంలో మొదటిసారి అంతమంది ముందు మాట్లాడాను.

"ఆ కాగితం ఆఫీసరుకి కాదు. ఈసారి అది మీకే."

అని నోటీసు చదివాను. ప్రభుత్వ నిధుల కేటాయింపు లేనందున ఈ కేంద్రము మూసివేయబడినది. చదవడం అయ్యాక వాళ్ళు ఇంకా నా మొహం వైపే చూస్తున్నారు. అప్పుడు పుస్తకాల భాష వదిలేసి, మా అమ్మ మాట్లాడే మాటలో చెప్పాను. "రేపట్నించి నేదమ్మా. ఇంక నేదు."

ఎవరూ అరవలేదు. అరుస్తారని భయపడ్డాను, అరిస్తే బాగుండేది.

చిన్న తల్లి అడిగింది: "గవర్నమెంటుకి మా మీద కోపమేటమ్మా? ఏటి తప్పు సేసినాం?"

"ఆయేల గుంటలు తొంగున్నారనేటి?" అంది వెనక నుంచి ఒకామె. "లేపీమంటే లేపీవోళ్ళం కదా. ఒక్క మాట చెప్తే లేపీవోళ్ళం కదా!"

కోపం లేదని చెప్పాను. నిజంగానే లేదు. ఎవరికీ మా మీద కోపం లేదు, ఎవరూ మా పేట పేరు విని ఉండరు కూడా. కోపమైతే కాళ్ళు పట్టుకునైనా తగ్గించవచ్చు. ఆ మాట వాళ్ళకి చెప్పలేదు.

నేను తిరిగొచ్చి జరిగింది చెబితే, పెద్దమ్మగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ బోర్డు నేనే దగ్గరుండి రాయించాను," అన్నారు. ఆ తర్వాత ఇంకో ఉత్తరం డిక్టేట్ చెయ్యడం మొదలుపెట్టారు. ఆవిడని చూసి నవ్వకండి. ఉత్తరం రాయడం తప్ప మనలాంటివాళ్ళకి చేతనైనదేదో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆయా మాత్రం ఉత్తరాలు నమ్మలేదు. పిల్లల్ని తన ఒంటిగది ఇంట్లో ఉంచుకుంటానంది. తల్లులు ఇచ్చింది ఇస్తారు, లేకపోతే చేపలిస్తారు. కానీ ఒక షరతు పెట్టింది. ఆ ఇంటికి అరుగు లేదు, ప్రహరీ లేదు. గుమ్మం దాటితే ఇసక, ఇసక దాటితే సముద్రం. "పాకీ గుంటల్ని ఉంచుతాను. నడిసీ గుంటల్ని ఉంచనేను. ఒకడు నీళ్ళలోకెల్తే నాను బతకనేను," అంది. తప్పనిపించలేదు ఎవరికీ. నడిచే పిల్లల తల్లులు కొందరు గంప దించేశారు. కొందరు పెద్దపిల్లల్ని బడి మానిపించి ఇంట్లో కూర్చోబెట్టారు. చిన్న తల్లి బిడ్డ అప్పటికి పాకుతోంది. అందుకని ఆమె జట్టు నిలిచింది.

వానలు వెనకబట్టాక ఒకసారి ఆయా ఇంటికి వెళ్ళాను. కేంద్రానిదొక పెద్ద గిన్నె బీరువా వెనక దొరికితే ఇచ్చి రమ్మన్నారు పెద్దమ్మగారు. ఎండెక్కింది, తల్లులు వచ్చే వేళ. చిన్న తల్లి అప్పుడే గంప దింపి, గుమ్మంలో కూర్చుని కాళ్ళు చాపుకుంది. నన్ను చూసి, "కాయితాలమ్మా, ఏటి తెచ్చినావు ఈసారి?" అంది. గిన్నె చూపిస్తే నవ్వింది.

బిడ్డ పాకుతూ నా దగ్గరికొచ్చింది. ఆ రోజు లాగే నా చీర అంచు పట్టుకుంది. పట్టుకుని, ఒక మోకాలు లేపి, రెండోది లేపి, ఊగుతూ నిలబడింది. నిలబడి, ఒక చెయ్యి వదిలి నా వైపు చూసి కింది రెండు పళ్ళూ కనబడేలా నవ్వింది. నాకు ఎంత సంతోషమేసిందంటే, చప్పట్లు కొట్టబోయాను. మా ఇళ్ళల్లో పిల్ల మొదటి అడుగు వేస్తే అరిసెలు వండి వీధంతా పంచుతారు. మా తమ్ముడప్పుడు నేను కూడా పళ్ళెం పట్టుకుని తిరిగాను.

తల్లి గబుక్కున లేచి వచ్చింది. బిడ్డ వేళ్ళను ఒక్కొక్కటే నా చీర నుంచి విడదీసి, నెమ్మదిగా కింద కూర్చోబెట్టింది. పిల్ల మళ్ళీ లేవబోయింది. మళ్ళీ కూర్చోబెట్టి, దాని మోకాళ్ళ మీద తన రెండు అరచేతులూ వేసి నొక్కిపట్టుకుంది.

"కూకో తల్లీ, కూకో," అంది బతిమాలుతున్నట్టు. "ఇంకొన్నాళ్ళు పాకు."

ఆయా అటు తిరిగి గిన్నె తోముకుంటోంది. నేను నా చీర అంచు సరిచేసుకున్నాను.

దసరా వెళ్ళాక ఆ పిల్ల నడిచిందని కబురు తెలిసింది. అరిసెలు ఎవరూ పంచలేదు.